అల్లుడి తుపాకీ, అత్తగారి గారెలు

ఆగస్టు 24, ఆదివారం

ఇంకో కోడి పోయింది. గూడు తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఈకలు, బయట ఈకలు. రకూన్ పనేనని అల్లుడు అవినాష్ తేల్చాడు. పిల్లికీ కుక్కకీ మధ్యలో ఉంటుంది, కళ్ల చుట్టూ కాటుక చెదిరినట్టు నల్లగా, అదీ రకూన్ అంటే. దాని చేతులు అచ్చం మనిషి చేతులే. గొళ్లెం తీయడం కూడా వచ్చు. మా అవినాష్‌కి ఆ గొళ్లెం తీయడం రావడానికి ఆరు నెలలు పట్టింది.

గుడ్డు తినని ఇంట్లో కోళ్లెందుకని నేనెప్పుడూ అడగలేదు. మనవరాలు నైనిక కాలేజీకి వెళ్లిపోయాక మా అమ్మాయి ఉజ్వలకి ఇల్లు బోసిపోయిందట. అందుకని మొగుడూ పెళ్లాం క్యారీ ఊళ్లో నిక్షేపంలాంటి ఇల్లు అమ్మేసి, గంట దూరంలో ఈ అడివిలో ఐదెకరాలు కొని, కూతురి బదులు కోళ్లని తెచ్చుకున్నారు. గుడ్లు అవినాష్ ఆఫీసులో పంచిపెడతాడు. వాళ్లు తిని పొగుడుతారు, ఈయన తినకుండా పొంగిపోతాడు.

ఇవాళ టిఫిను దగ్గర ప్రకటించాడు. "ఇక లాభం లేదు అత్తయ్యగారూ. గన్ కొనేస్తాను."

బాత్‌టబ్‌లో సాలీడు కనిపిస్తే పెళ్లాన్ని పిలిచే మనిషి. సరే బాబూ, అన్నాను. ఇంకేమంటాను?

తుపాకీ ఎండకి పేలుతుందా? కుక్కర్ పేలుతుంది కదా. ఎవర్నన్నా అడగాలి.

మా ఆయన మటుకు ఈ గొడవేమీ పట్టించుకోలేదు. దోసె తిని చెయ్యి కడుక్కుంటూ, మనింట్లో కోళ్లెవరు పెంచుతున్నారు, అన్నారు. రోజూ పొద్దున వాటికి గింజలు వేసేది ఆయనే. ఆయన హాస్యం అందరికీ అర్థం కాదు.

ఆగస్టు 26

గారెలకి మినప్పప్పు నానబోశాను. మళ్లీ గారెలా అమ్మా అంది ఉజ్వల. మీ నాన్నకి ఇష్టం కదే, అన్నాను.

ఆగస్టు 27, వినాయక చవితి

సాయంత్రం వెలుగు తగ్గేసరికి మా ఆయన కండువా భుజాన వేసుకుని వంటింట్లోకొచ్చి నిలబడ్డారు. ఇవాళ అమ్మ తద్దినం, ముద్ద కలిపావా, అని. చవితి నాడు తద్దినమేమిటండీ, అత్తయ్యగారి తిథి మాఘంలో కదా, పైగా తద్దినం పొద్దుగూకే వేళ పెడతారా ఎక్కడన్నా, అన్నాను. కళ్లెర్రబడ్డాయి. నా తల్లి నోట్లో ముద్ద పడనివ్వవా, అన్నారు. ఆయన గొంతు అలా లేచింది మా కాపురంలో ఏ రెండుమూడు సార్లో.

మాఘమాసంలో రావలసిన తిథి ఈయనకి ఈ మధ్య వారానికి నాలుగుసార్లు వస్తోంది. వస్తే ఏం పోయింది? తల్లంటే అంత భక్తి. కాగితం పళ్లెంలో అన్నం ముద్ద, నెయ్యి, రెండు గారెలు పెట్టి ఇస్తాను. కోళ్లగూడు వెనక ఒక మొద్దు ఉంది, దాని మీద పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అక్కడే గొంతుకూచుంటారు. చీకటి పడే వేళ కాకులెందుకు తిరుగుతాయి? కానీ పొద్దున చూస్తే పళ్లెం తళతళ మెరుస్తూ ఉంటుంది.

అల్లుడేమో, ఈ రకూన్లకి మనిల్లే ఎందుకంత ఇష్టమో అర్థం కావటం లేదు అంటాడు. నాకు మాత్రం ఏం అర్థమవుతుంది? ఐదో క్లాసు చదివినదాన్ని.

ఆగస్టు 30, శనివారం

తుపాకీకి పెళ్లిచూపులు జరిగాయి. క్యారీ నుంచి రామమోహన్ గారు వచ్చారు. ఆయన ఈ దేశం వచ్చి యాభై ఏళ్లు. ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన బట్టల అలమరలో ఒక తుపాకీ ఉంది, ఇంతవరకూ పేల్చలేదు. కనుక నిపుణుడు.

ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర కంప్యూటర్ పెట్టుకుని, నా పకోడీలు తింటూ సంబంధాలు చూశారు. నేను వింటూనే ఉన్నాను. గాలితో కొట్టే ఎయిర్ గన్ పిల్ల నెమ్మదస్తురాలు, చప్పుడు చెయ్యదు, కానీ రకూన్ తోలు మందం కాబట్టి దెబ్బ తిని ఎక్కడికో పోయి నానా యాతనా పడి చస్తుందట. షాట్‌గన్ పిల్లది పెద్ద నోరు. ఒక్కసారి తెరిస్తే రకూనూ, గూడూ, మిగిలిన కోళ్లూ కలిసి పోతాయట. ట్వంటీ టూ రైఫిల్ అని ఇంకో పిల్ల ఉంది. ఒద్దికైనది, సన్నటిది, చవకలో పోషించొచ్చు. ఒకటే లోపం, గురి తప్పితే ఆ గుండు మైలు దూరమైనా పోతుందట. ఆ లోపం మొగపెళ్లివారికి పెద్దగా పట్టలేదు.

బోను పెట్టి పట్టుకోరాదా బాబూ, అన్నాను. పట్టుకున్నాక ఏం చేస్తారు అత్తయ్యగారూ, తీసుకెళ్లి ఇంకెక్కడో వదలడానికి రూల్స్ ఒప్పుకోవు, అన్నాడు. గొళ్లెం మార్చరాదా, అన్నాను. ఇద్దరూ చిన్నపిల్లని చూసినట్టు చూశారు.

వెళ్లబోతూ రామమోహన్ గారు వాళ్లన్నయ్య కబురు చెప్పారు. మతిమరుపు ముదిరితే ఒక చోట చేర్చారట. బెస్ట్ ఫెసిలిటీ అండీ, తలుపులు నెంబర్లు నొక్కితేనే తెరుచుకుంటాయి, ఎవరూ బయటికి పోలేరు, చాలా సేఫ్, అన్నారు. అన్నయ్య మొదట్లో తలుపు కొట్టేవారట. ఇప్పుడు కొట్టడం లేదుట. బాగా సెటిలయ్యారు అన్నారు.

ఉజ్వల, పాపం అంకుల్, ఇంట్లో చూసుకోలేం కదా, అంది.

పకోడీలు మిగిలాయి.

సెప్టెంబర్ 3, బుధవారం

తుపాకుల కొట్టుకి నేనూ వెళ్లాను. వద్దన్నారు, అయినా వెళ్లాను. నేను వెళ్తే మా ఆయనా రావాలి. ఒక్కరినీ ఇంట్లో వదిలితే ఆయనకి తోచదు.

నేను ఏదో రహస్యంగా ఉంటుందనుకున్నాను. చీరల కొట్టులా ఉంది. గోడ నిండా వరసగా నిలబెట్టారు. కుర్రవాళ్లకి చిన్నవి, ఆడవాళ్లకి గులాబీరంగువి కూడా ఉన్నాయి. కౌంటర్ దగ్గరి తెల్లగడ్డం ఆయన అవినాష్ చేతిలో ఒక్కోటీ పెట్టి భుజానికి ఆనించి చూసుకోమన్నాడు. మా వాడు అద్దంలో చూసుకున్నాడు. తుపాకీ కొనేవాడు అద్దంలో ఎందుకు చూసుకోవాలో దేవుడికెరుక.

గడ్డమాయన రకూన్‌కైతే ట్వంటీ టూ చాలన్నాడు. అని, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాడు. పిల్లలు గానీ, ఇలాంటివి ముట్టకూడని వాళ్లు గానీ.

"నో, జస్ట్ మై ఇన్‌లాస్," అన్నాడు అవినాష్, మా వైపు చెయ్యి చూపించి నవ్వుతూ.

గడ్డమాయన మా వైపు చూశాడు. నేనూ నవ్వాను. సరిగ్గా అప్పుడే మా ఆయన కౌంటర్ దగ్గరికి పోయి, చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి, పెన్షన్ బకాయిల సంగతి ఏం చేశారండీ, అని తెలుగులో అడిగారు. ఆ కాగితం మందుల షాపు రసీదు. చక్కెర మిల్లులో తూకం గుమస్తాగా చేసిన మనిషి, ఏ కౌంటర్ కనబడ్డా పెన్షన్ ఆఫీసే గుర్తుకొస్తుంది. సహజం.

ఏమంటున్నారు అని గడ్డమాయన అడిగితే, జోక్ చేస్తున్నారు, అన్నాడు అవినాష్. నేను కూడా తల ఊపాను.

ఇంకా రెండు కొట్లు చూస్తే గానీ ఖాయం చెయ్యడట. పెళ్లి కుదరలేదు.

సెప్టెంబర్ 5

తద్దినం.

సెప్టెంబర్ 6

తద్దినం. పప్పు అయిపోయింది. ఉజ్వలని తెమ్మనాలి. ఎందుకని అడుగుతుంది.

సెప్టెంబర్ 9, మంగళవారం

కొత్త ఆపద. అవినాష్ గూడు వెనకాల ఒక చెట్టుకి కెమెరా కట్టాడు. ఏది కదిలినా దానంతటదే ఫొటో తీసి ఫోన్‌కి పంపుతుందట. ఎన్ని రకూన్లొస్తున్నాయి, ఎంతెంత ఉన్నాయి తెలిస్తే దాన్నిబట్టి తుపాకీ ఖాయం చేస్తాడట. ఎదురుగా ఆ మొద్దు. మొద్దు దగ్గర సాయంత్రం ఎవరు కూచుంటారో కెమెరాకి తెలియదు, నాకు తెలుసు.

మధ్యాహ్నం గింజలు వెయ్యడానికి వెళ్లినట్టు వెళ్లి, దాని కంటపడకుండా చెట్టు వెనక నుంచి కెమెరా మొహం పక్క చెట్టు వైపు తిప్పేశాను.

సెప్టెంబర్ 10

అవినాష్‌కి రెండు వందల ఫొటోలు వచ్చాయి. అన్నీ పైన్ చెట్టు బెరడు. గాలికి తిరిగి ఉంటుందని అనుకున్నాడు. మంచి కెమెరా కాదని కొట్టువాడికి ఒక స్టార్ ఇచ్చాడు. పాపం కొట్టువాడు.

సెప్టెంబర్ 11, గురువారం

ఇవాళ మా ఆయన్ని పిలుచుకు రావడానికి వెళ్లి రకూన్‌ని దగ్గరగా చూశాను. ఇంకా వెలుతురుంది. ఆయన ఇటు కూచున్నారు, అది అటు కూచుంది. కోళ్ల నీళ్ల తొట్టి పక్కనే ఉంటే, గారె తీసుకెళ్లి దాంట్లో ముంచి, రెండు చేతులా రుద్ది రుద్ది కడిగి అప్పుడు తింది. నా గుండె జారిపోయింది. మా అత్తగారు. నేను చేసిన ఏ వస్తువూ నీళ్లు చల్లకుండా నోట పెట్టేది కాదు మహాతల్లి. ఉప్పెక్కువైందన్నట్టు ఆ చూపు కూడా అదే.

ఏమే, అమ్మ వచ్చింది, మాట్లాడకు, అన్నారు మా ఆయన మెల్లిగా. మొహం ఎంత వెలిగిపోతోందో.

ఆవిడ బతికుండగా నా గారె ఒక్కటి బాగుందనలేదు. ఇప్పుడు కోడితో నంజుకుని తింటోంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

తుపాకీ ఇంటికొచ్చింది. ఆ సన్నటి పిల్లే, ట్వంటీ టూ. దాంతోపాటు దూరంగా ఉన్నది దగ్గరగా కనపడే గొట్టం, చెవులకి మూతలు, నారింజరంగు టోపీ, ఒక ఇనప బీరువా. ఉజ్వల కొత్త కారుకి పెట్టినట్టు దానికీ పసుపు కుంకుమ పెట్టింది. నిమ్మకాయ ఎక్కడ పెట్టాలో తెలియక ఆగింది.

మధ్యాహ్నం పెరట్లో మట్టి దిబ్బ ముందు గుమ్మడికాయ పెట్టి సాధన చేశాడు. గుమ్మడికాయకి ఏమీ కాలేదు. సాయంత్రం దాంతో దప్పళం పెట్టాను.

తినేటప్పుడు నా భయం పోగొట్టడానికని నియమాలన్నీ చెప్పాడు. బీరువాకి తాళం ఉంటుంది, తాళంచెవి తన దగ్గరే. కాల్చే ముందు ఎదురుగా ఉన్నదేంటో, దాని వెనకాల ఏముందో రూఢిగా తెలిసి ఉండాలి.

"అసలు రూలు అదే అత్తయ్యగారూ. సాయంత్రం పూట వెనకవైపు మనవాళ్లెవరూ తిరగరు కదా. గూడు వెనకాల కదిలిందంటే అది రకూనే."

మజ్జిగ పొలమారింది. మా ఆయన నా వీపు తట్టారు. మెల్లిగా తాగమ్మా, అన్నారు. ఆయన నన్ను ఎప్పుడూ అమ్మా అని పిలవరు.

శుక్రవారం సాయంత్రం ఇంటి వెనక చెక్క అరుగు మీద, డెక్ అంటారు దాన్ని, కుర్చీ వేసుకుని కూచుంటాడట అవినాష్. వారమంతా ఆఫీసు పని ఉందిట. రకూన్లకి కబురు పంపితే బావుండేది.

ఈ నాలుగు రోజుల్లో ఆయన్ని మాన్పిస్తే సరిపోతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

సెప్టెంబర్ 15

కాగితం పళ్లేలు దాచేశాను. ఆయన పూజగదిలోని వెండి పళ్లెం పట్టుకెళ్లారు.

సెప్టెంబర్ 16

వెనక తలుపు గడియ వేశాను. ముందు తలుపులోంచి వెళ్లి, ఇల్లు చుట్టి, గూడు దగ్గరికి కాక రోడ్డు మీదికి వెళ్లారు. పోస్టు డబ్బా దగ్గర పట్టుకున్నాను. ఎటండీ అంటే, మిల్లుకి, షిఫ్టు వేళయింది, అన్నారు. ఉజ్వల కారు అప్పుడే వచ్చింది. ఏంటమ్మా ఇద్దరూ ఇక్కడ, అంది. వాకింగ్ అన్నాను. గుడ్ గుడ్, అంది.

వెనక తలుపు మళ్లీ గడియ వెయ్యకూడదు. రోడ్డు కన్నా గూడు నయం.

సెప్టెంబర్ 17, బుధవారం

చెబితే ఏమవుతుంది?

ఉజ్వల మంచిపిల్ల. మంచిపిల్ల కాబట్టే మంచి చోటు వెతుకుతుంది. బెస్ట్ ఫెసిలిటీ. నెంబర్లు నొక్కే తలుపులు. ఆయన కొడతారు, కొట్టి కొట్టి మానేస్తారు, అప్పుడు బాగా సెటిలయ్యారు అంటారు. అక్కడ తెలుగొచ్చిన వాళ్లు ఉండరు. వారానికి నాలుగుసార్లు తల్లి తద్దినమొస్తే ఎవరు ముద్ద కలుపుతారు?

చెప్పకపోతే ఏమవుతుంది? శుక్రవారం ఒక్క పూట నేను జాగ్రత్తగా ఉంటే సరి. యాభై రెండేళ్లు కాపలా కాశాను, ఒక్క సాయంత్రం కాయలేనా?

అయినా ఆయనకేమీ లేదు. వయసు.

సెప్టెంబర్ 18

ఆయనకి జ్వరం తెప్పిస్తే మంచం దిగరు. జ్వరం ఎలా తెప్పిస్తారు? చన్నీళ్లు పోస్తే? ఛీ, నా బుద్ధి.

సెప్టెంబర్ 19, శుక్రవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దుటి నుంచి ఆయన్ని అంటిపెట్టుకునే ఉన్నాను. సాయంత్రం టీవీలో ప్రవచనం పెట్టి, కుర్చీలో కూచోబెట్టి, శాలువా కప్పి, ఒళ్లో జంతికల గిన్నె పెట్టాను. గారెలు చెయ్యలేదు. అవినాష్ నారింజరంగు టోపీ పెట్టుకుని, డెక్ మీద కుర్చీలో, ఫ్లాస్కులో కాఫీతో సహా స్థిరపడ్డాడు. రకూన్ వేటకో, రైలు ప్రయాణానికో తెలియలేదు. ఉజ్వల పై గదిలో మీటింగ్‌లో ఉంది.

పాలు పొంగితే వంటింట్లోకి వెళ్లాను. పొంగిన పాలు తుడిచాను. అంతే. తిరిగొచ్చేసరికి ప్రవచనం ఖాళీ కుర్చీకి మోక్షమార్గం చెబుతోంది. జంతికల గిన్నె లేదు. శాలువా లేదు. ముందు తలుపు తెరిచి ఉంది.

డెక్ మీదికి వెళ్లాను. పొద్దు ఇంకా పూర్తిగా గుంకలేదు, చెట్ల కింద మటుకు మసకగా ఉంది. అవినాష్ రైఫిల్ భుజానికెత్తి, ఆ గొట్టంలోంచి చూస్తున్నాడు. నా అడుగు విని, తల తిప్పకుండా ఒక వేలు ఎత్తాడు.

"ష్. గూడు వెనకాల ఉంది. పెద్దది అత్తయ్యగారూ, బ్రౌన్‌గా ఉంది."

శాలువా గోధుమరంగుది. కిందటి పుట్టినరోజుకి ఇతనే కొనిపెట్టాడు.

అరవాలి కదా? అరిస్తే ఉలిక్కిపడి వేలు నొక్కుతాడేమోనని అప్పుడు కూడా ఆలోచన. నా ఆలోచనలకి చావు లేదు. ఇలాంటప్పుడు సినిమాలో పరిగెత్తుతారు. నేను మోకాళ్ల నొప్పితో, మెట్ల పక్క కటకటాలు పట్టుకుని, పక్కవాటుగా మెట్లు దిగి, తుపాకీకీ గూటికీ మధ్య గడ్డిలో నిలబడ్డాను. వీపు గూటి వైపు పెట్టుకుని.

అవినాష్ తల పైకెత్తాడు. అత్తయ్యగారూ, ప్లీజ్, పక్కకి రండి, పారిపోతుంది, అన్నాడు.

"అది పారిపోదు బాబూ. అది మీ మావయ్యగారు."

నవ్వాడు. మావయ్యగారు లోపల టీవీ చూస్తున్నారుగా, అన్నాడు. అని, నవ్వు అలాగే మొహాన ఉండగానే, చేతిలోది మెల్లిగా కిందికి దించాడు.

అప్పుడు గూడు వెనక నుంచి మా ఆయన లేచి నిలబడ్డారు. శాలువా దులుపుకుని, నా వైపు చూసి, రోజూ అనే మాటే అన్నారు.

"కాకి ముట్టిందే. ఇంక వడ్డించు."

అవినాష్ గుళ్లు తీస్తుంటే ఒకటి జారి డెక్ చెక్కల సందులోంచి కింద పడింది. దాన్ని వెతకలేదు. రైఫిల్ బల్ల మీద పెట్టి, దాని నుంచి దూరంగా జరిగి, మెట్ల మీద కూచుండిపోయాడు. టోపీ తీసేశాడు.

"మావయ్యగారు అక్కడేం చేస్తున్నారు అత్తయ్యగారూ?"

నోట్లో అబద్ధం సిద్ధంగానే ఉంది. కోళ్లకి గింజలేద్దామని వెళ్లారు బాబూ. ఎంత చక్కటి మాట. నమ్మేవాడు కూడా. ఒక్క ముక్క అంటే చాలు, రేపటి నుంచి అన్నీ మామూలే. ఆయన గూడు వెనకా, ఇతను డెక్ మీదా, నేను మధ్యలో గడ్డిలో.

"ఆయనకేమీ గుర్తుండటం లేదు బాబూ," అన్నాను. "రోజూ వాళ్లమ్మ తద్దినం పెడుతున్నారు. రకూన్లు దానికే వస్తున్నాయి."

మా ఆయన ఖాళీ జంతికల గిన్నె పట్టుకుని మా దగ్గరికొచ్చారు. అవినాష్ పక్కన మెట్టు మీద కూచుని, ఒంట్లో బాగాలేదా నాయనా, అని నుదురు ముట్టుకు చూశారు. అవినాష్ ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సెప్టెంబర్ 20, శనివారం

ఉజ్వలకి రాత్రే అవినాష్ అంతా చెప్పాడు. పొద్దున వంటింట్లోకొచ్చి తలుపు దగ్గరగా వేసింది. దెబ్బలాటకి ముందు ఇది చిన్నప్పుడూ అలాగే చేసేది.

ఎన్నాళ్ల నుంచమ్మా, అంది. ఈమధ్యే, అన్నాను. అమ్మా, అంది. చెప్పాను. క్రితం ఏడు ఉగాది నుంచి. కాఫీ కప్పు పెడుతూ పెడుతూ ఇది ఏ ఇల్లు అని అడిగారే, ఆ రోజు నుంచి.

అప్పుడు మొదలుపెట్టింది. డాక్టర్లున్నారు, మందులున్నాయి, ముందే తెలిస్తే ఎంత తేడా, నేను కూతుర్ని కానా, నిన్న ఒక్క సెకను తేడా అయితే అవినాష్ జీవితాంతం ఎలా బతికేవాడు. ఆ ఆఖరుది నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. అన్ని భయాలు పడ్డానే, ఆ పిల్లవాడి గురించి ఒక్క భయం పడలేదు.

"చెబితే నాన్నని ఆ నెంబర్ల తలుపుల చోట పెడతావని," అన్నాను.

దాని కళ్లు నిండాయి. లేదమ్మా, ఎప్పటికీ పెట్టను, అంటుందనుకున్నాను. కూతుళ్లు అలాగే అనాలి కదా.

"ఒకనాటికి పెట్టాల్సి రావొచ్చమ్మా. నీకు అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు కాదు. నాన్నతో చెప్పకుండా మాత్రం ఎప్పుడూ కాదు, నీతో చెప్పకుండా కూడా ఎప్పుడూ కాదు."

విచిత్రంగా, ఎప్పటికీ పెట్టను అని ఉంటే నమ్మేదాన్ని కాదు.

సెప్టెంబర్ 24, బుధవారం

డాక్టరు దగ్గరికి వెళ్లాం. చాలా ప్రశ్నలడిగారు. గడియారం బొమ్మ వెయ్యమంటే మా ఆయన గుండ్రంగా గీసి, అంకెలన్నీ ఒకే మూలకి సర్ది, బాగా వచ్చిందా అన్నట్టు నా వైపు చూశారు. మిల్లులో గింజ తేడా రాకుండా తూకం రాసిన చెయ్యి అది.

జబ్బుకి పేరుంది. ఉజ్వల తెలుగులో చెప్పబోయి ఆగిపోతే నేనే చెప్పాను. మతిమరుపు జబ్బు. ముదురుతుంది. తగ్గదు.

రాసేశాను. చేతికేమీ కాలేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

తుపాకీ వెళ్లిపోయింది. కొన్నచోటే అమ్మకానికి పెట్టి వచ్చాడు. రామమోహన్ గారు ఫోన్ చేసి, మరి రకూన్ల సంగతేమిటి, పోనీ షాట్‌గన్ చూడకపోయావా, అన్నారట. అవినాష్ మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు. ఆ మర్యాదస్తుడు ఫోన్ అలా పెట్టెయ్యడం నేను ఇదే చూడటం. గూటికి మాత్రం కొత్త గొళ్లెం పెట్టాడు, రెండు చేతులూ వాడితే గానీ రాదు. నేను చెప్పిన నెలకి.

ముద్ద ఇప్పుడు మధ్యాహ్నం పెడుతున్నాం. డెక్ కటకటాల పైచెక్క మీద, ఎండలో, నిజం కాకులు తిరిగే వేళ. తిన్నాక పళ్లెం లోపలికి తెచ్చేస్తాం. సాయంత్రం ఆయన మళ్లీ లేచి కండువా వెతుక్కుంటే, ఉజ్వల పక్కన కూచుని, మధ్యాహ్నం పెట్టాం కదా నాన్నా, నాన్నమ్మ తిని వెళ్లింది, అంటుంది. ఒక్కోసారి ఊరుకుంటారు. ఒక్కోసారి ఊరుకోరు. ఊరుకోనప్పుడు అది కూడా ఏడుస్తుంది, ఇద్దరూ కలిసి వీధి చివరిదాకా నడిచి వస్తారు.

ఇవాళ భోజనాలయ్యాక, నువ్వు పడుకోమ్మా, నాన్నని నేను చూస్తాను, అంది. నాకు పగలు నిద్ర పట్టదే, అన్నాను. పడుకో చాలు, అంది. కోప్పడుతుందేమోనని వెళ్లి కళ్లు మూసుకున్నాను. స్టవ్ ఆపామా, ముందు తలుపు వేశారా, ఆయన మందు వేసుకున్నారా, ఇవన్నీ వరసగా తలుచుకోవడం మొదలుపెట్టాను.

లేచేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. ఇంట్లో ఎవరో నవ్వుతున్నారు. స్టవ్ ఆపే ఉంది. తలుపు వేసే ఉంది. నేను చూడకపోయినా ఎవరికీ ఏమీ కాలేదు. కాసేపు నాకు కోపం కూడా వచ్చింది.

మళ్లీ పడుకున్నాను.